లైబ్రరీ పాత పత్రాల విభాగం తరఫున నెలనెలా చరిత్ర ప్రసంగం: ఏర్పాట్లు ఎలా చేయాలి? (తిరుపతి)

ప్రశ్న అడిగినవారు: కపిలతీర్థం_రోడ్డు

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఒక ట్రస్టు లైబ్రరీకి అరుదైన గ్రంథాల విభాగం ఉంది. కొన్ని తాళపత్ర కట్టలు, ఉత్తర ఆర్కాటు జిల్లా మాన్యువల్ పాత ముద్రణ, దేవస్థానం శాసనాల సంపుటాలు, రెండు బీరువాల నిండా ఊరి ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) లెక్కలు, ఒక పెట్టెడు పాత ఫోటోలు ఉన్నాయి. పరిశోధన చేసే పిల్లలు తప్ప ఆ గది గడప ఎవరూ తొక్కరు. నవంబరు గ్రంథాలయ వారోత్సవాలతో మొదలుపెట్టి నెలకో ప్రసంగం, ఎవరైనా రావచ్చు అన్నట్టుగా పెట్టాలని కమిటీ తీర్మానించింది.

హాల్లో ఎనభై కుర్చీలు పడతాయి. ఏసీ లేదు, సీలింగు ఫ్యాన్లే. గ్రంథాల గదికి మాత్రం ఏసీ ఉంది. విషయాలు, వక్తలు ఎలా ఎంచుకోవాలి? అసలు ప్రతులు జనం ముందు పెట్టవచ్చా, పెడితే ఏ జాగ్రత్తలు? రికార్డింగు ఇంట్లో పిల్లలు ఫోన్లో తీసినట్టు కాకుండా తర్వాత పనికొచ్చేలా ఎలా తీయాలి? డబ్బు పెద్దగా లేదు. చేసినవాళ్లు, తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

జవాబు: శాసనం_చదువరి

సార్, మన దగ్గర ముందు వక్తను ఖాయం చేసుకుని, ఆ తర్వాత విషయం ఏమిటని ఆయన్నే అడగడం అలవాటు. అలాగైతే ‘తిరుపతి వైభవం’ అనే ఒకే ప్రసంగాన్ని పన్నెండు నెలలూ పన్నెండు గొంతుల్లో వినాలి. దాన్ని తిరగేయండి. ముందు బీరువాలోంచి ఒక్క వస్తువు తీయండి. దాన్ని చదివి చెప్పగలిగిన మనిషి ఎవరో తర్వాత వెతకండి. వక్తకు రాసే మొదటి ఉత్తరంలోనే యాక్సెషన్ నంబరు (లైబ్రరీ రిజిస్టరులో ఆ వస్తువుకి వేసిన సంఖ్య), పుట సంఖ్య ఉండాలి. ప్రసంగం ఆ పుట చుట్టూ తిరగాలని స్పష్టంగా చెప్పాలి. అలా కాకపోతే అది ఏ కల్యాణ మండపంలోనైనా జరగగల ఉపన్యాసమే. దానికి మీ లైబ్రరీ ఎందుకు?

ఉదాహరణకి మీ ఫసలీ లెక్కల్లో 1320 ఉందేమో చూడండి. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. మద్రాసు రాజధానిలో ఫసలీ జూలై 1న మొదలయ్యేది కాబట్టి 1320 అంటే 1910 జూలై నుంచి 1911 జూన్ దాకా. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంటే చంద్రగిరి తాలూకా ఊరి లెక్క అయితే, అదే పుస్తకం తొమ్మిది నెలలు ఉత్తర ఆర్కాటు జిల్లాది, చివరి మూడు నెలలు కొత్త జిల్లాది. మదనపల్లె, వాయల్పాడు వైపు ఊరిదైతే కడప జిల్లాలో మొదలై చిత్తూరు జిల్లాలో ముగుస్తుంది. జిల్లా పుట్టుక మీద గంట ప్రసంగానికి ఇంతకన్నా మంచి వస్తువు దొరకదు. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది కాబట్టి వినేవాళ్లకి ఆసక్తి కూడా ఉంటుంది.

ఆ లెక్కలు చదవడానికి యూనివర్సిటీ ప్రొఫెసరే కావాలని లేదు. కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. అడంగలు, చిట్టా చేత్తో రాసినవాళ్లు, డైగ్లాట్ (రెండు భాషల్లో ఉండే భూముల రిజిస్టరు) చూసి సర్వే నంబరు చెప్పేవాళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నారు. కలిపిరాత, గొలుసుకట్టు అంకెలు, కుంటలూ సెంట్ల లెక్కలు వాళ్లకు కంఠతా వచ్చు. చరిత్ర లెక్చరరు ఒకరు, పాత కరణం ఒకరు పక్కపక్కన కూర్చుని ఒకే పుటను చదివితే గంట ఇట్టే గడిచిపోతుంది. తాళపత్ర లిపి చదవడానికి సాయం కావాలంటే ఊళ్లోనే ప్రాచ్య పరిశోధనా సంస్థ ఉంది. దేవస్థానం 1939లో పెట్టింది, ఇప్పుడు ఎస్వీ యూనివర్సిటీ కింద నడుస్తోంది. సంస్కృతం, గ్రంథ లిపి (తమిళ ప్రాంతంలో సంస్కృతం రాసిన పాత లిపి) అయితే జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం.

దేవస్థానం శాసనాల సంపుటాలు బంగారు గని. ఒక విషయం మాత్రం ముందే గుర్తుపెట్టుకోండి: తిరుమల శాసనాల్లో ఎక్కువ భాగం తమిళంలో ఉన్నాయి, తెలుగు, కన్నడవి కొన్నే. అందుకని తమిళం చదివే వక్త కావాలి. మన జిల్లాలో అది కష్టం కాదు, సభలో సగం మందికి తమిళం తెలిసే ఉంటుంది. విషయం కూడా రాజుల పేర్ల జాబితా కానక్కరలేదు. భక్తులిచ్చిన సొమ్ముతో దేవుడి ఊళ్లలో చెరువులు, కాలువలు తవ్వించి, పెరిగిన పంటతో నైవేద్యం జరపాలనీ, ఆ ప్రసాదంలో దాతకు నాలుగోవంతు ఇవ్వాలనీ ఉన్న శాసనాలు తీయండి. చెరువు, పంట, ప్రసాదం ఈ మూడూ తెలియనివాళ్లు ఈ ఊళ్లో లేరు.

ఇక తేదీల తనిఖీ. వక్త నుంచి వారం ముందే ఒక పేజీ తీసుకోండి: చెప్పబోయే ప్రతి సంవత్సరం, దాని పక్కన ఆధారం. ఇక్కడ రెండు చోట్ల తరచూ దెబ్బతింటారు.

మొదటిది శక సంవత్సరం. అందరూ గుడ్డిగా 78 కలుపుతారు. కృష్ణదేవరాయలు మొదటిసారి తిరుమలకి వచ్చింది 1513 ఫిబ్రవరి 10న. అది శక 1434, ఆంగీరస. 78 కలిపితే 1512 వస్తుంది. జనవరి నుంచి ఉగాది లోపు పడే తేదీలకి 79 కలపాలి. తెలుగు సంవత్సరం పేరుతో రెండోసారి సరిచూడవచ్చు. 1992 ఉగాదికి వచ్చింది కూడా ఆంగీరసే. 1992లోంచి 480 తీస్తే, అంటే ఎనిమిది అరవైలు, 1512 ఉగాది. లెక్క కుదిరింది. పేరు కుదరకపోతే ఎక్కడో తప్పు చదివినట్టే.

రెండోది పాలనా సంవత్సరం మాత్రమే ఉన్న శాసనాలు. పల్లవ రాణి సామవై తిరుమల గుడికి భోగ శ్రీనివాసుడి వెండి విగ్రహం సమర్పించిన శాసనంలో పల్లవ రాజు 14వ ఏడు అని ఉంది తప్ప శక సంవత్సరం లేదు. అందుకే 614 అని కొందరు, 966 అని కొందరు రాస్తారు. పోస్టరు మీద ఏదో ఒకటి లావు అక్షరాల్లో వేశారంటే ప్రశ్నల సమయమంతా దానికే పోతుంది. రెండూ చెప్పి, ఎవరు దేన్ని పట్టుకుని లెక్కించారో వివరించమనండి.

చంద్రగిరి మీద పెడితే ఇంకొకటి. ఈస్టిండియా కంపెనీకి మద్రాసు స్థలం ఇచ్చిన 1639 కౌలు మీద అక్కడి రాజమహల్లోనే సంతకం జరిగిందని గైడ్లు చెప్తారు. స్థలం ఇచ్చింది దామర్ల వేంకటాద్రి నాయకుడు. ఆయన పైన చంద్రగిరిలో రాయలు. కౌలు ఒకటి, పైవాడి ఆమోదం ఇంకొకటి. ఈ రెంటినీ విడదీసి చెప్పగలిగిన వక్తనే పిలవండి.

జవాబు: గంటం

వక్తల సంగతి పైన చెప్పారు, నేను వస్తువుల సంగతి చెప్తాను.

అసలు ప్రతులు చూపించవచ్చు. ముందు ఆ ఏసీ గదికీ ఫ్యాన్ల హాలుకీ మధ్య ఉన్న తేడా చూసుకోవాలి. నవంబరు అంటే మనకి ఈశాన్య రుతుపవనాల వానలు, గాలి నిండా తేమ. చల్లటి గదిలోంచి తెచ్చిన కట్టను ఆ గాలిలో వెంటనే విప్పితే, ఏసీ కారు దిగగానే కళ్లద్దాలు మసకబారినట్టు ఆకుల మీద నీటిపొర పడుతుంది. బూజుకు అదే మొదలు. కట్టను గుడ్డతో సహా మూత బిగువుగా ఉన్న పెట్టెలో పెట్టి, మూత తీయకుండా ఉదయమే హాల్లోకి చేర్చండి. మూడు నాలుగు గంటలైనా అలాగే ఉండాలి. తిరిగి తీసుకెళ్లేటప్పుడూ ఇదే పద్ధతి. తాటాకుకి తడి ఎంత చేటో మరీ ఎండిపోవడం కూడా అంతే చేటు. గాలిలో తేమ 50 నుంచి 60 శాతం మధ్య ఉంటే ఆకు విరగకుండా వంగుతుంది. ఏసీ నేరుగా కొట్టే చోట నెలల తరబడి ఉంటే అంచులు పెళుసెక్కుతాయి. అలాంటి కట్టను ప్రదర్శనకు ఎంచుకోవద్దు.

తెల్ల గుడ్డ గ్లవుజులు ఫోటోలకి బాగుంటాయి గానీ తాటాకుకి, పాత కాగితానికి వద్దు. వేళ్లకి స్పర్శ తెలియదు, నూలు పోగు ఆకు అంచు పెచ్చుకి తగులుకుని లేపేస్తుంది. సబ్బుతో చేతులు కడిగి పూర్తిగా తుడుచుకుంటే చాలు. ఉంగరాలు, గాజులు, చేతి గడియారం తీసేయాలి. రాగిరేకులు, ఫోటోలకి మాత్రం నైట్రైల్ గ్లవుజులు తప్పనిసరి. చెమటలోని ఉప్పుకి రాగి మీద వేలిముద్ర మచ్చగా నిలిచిపోతుంది.

ఆకులు తిప్పేటప్పుడు దారం వదులుగా ఉండాలి. బిగువుగా ఉన్న దారం మీద ఆకును లాగితే రంధ్రం దగ్గర పగులు మొదలవుతుంది. తాటాకు నారలు పొడవునా ఉంటాయి కాబట్టి ఆ పగులు రంధ్రం దగ్గర ఆగదు, చివరిదాకా పాకుతుంది. సభలో ఆకులు తిప్పే కార్యక్రమమే పెట్టుకోకండి. చూపించాల్సిన ఆకు ముందే తీసి, పరుపులా మడిచిన తెల్లటి నూలు గుడ్డ మీద ఉంచండి.

వెలుతురు 50 లక్సు (కాంతిని కొలిచే ప్రమాణం) దాటకూడదు. ఫోన్లో లక్సు యాప్ ఖచ్చితమైనది కాదు, అయినా కిటికీ పక్క బల్లకీ గోడ పక్క బల్లకీ తేడా ఎంతో అది చూపిస్తుంది. కిటికీ పక్కన వద్దే వద్దు. సిరా పోయి అక్షరం కనబడని ఆకుల విషయంలో ఒక ఉపాయం: గది లైట్లు తగ్గించి, చిన్న ఎల్ఈడీ టార్చిని బల్లకి దాదాపు సమాంతరంగా పక్కనుంచి వేయండి. గంటం గీసిన గాడిలో నీడ పడి అక్షరం లేస్తుంది. వక్త చూపించేటప్పుడు వేసి వెంటనే ఆపేయాలి. జనానికి బాగా కనబడాలని మసి, నూనె కలిపి ఆకు మీద రుద్దడం మాత్రం సభ కోసం ఎప్పుడూ చేయకండి. అది పరిరక్షకుడు తీరిగ్గా చేసే పని.

ఫసలీ పుస్తకాల సంగతి వేరు. పాత నల్లసిరా కొన్నిచోట్ల కాగితాన్ని తినేసి ఉంటుంది, అక్షరం చుట్టూ గోధుమరంగు మచ్చ కనబడుతుంది. అలాంటి పుట తిప్పితే అక్షరాలే రాలిపోతాయి. పుస్తకాన్ని పూర్తిగా వెల్లకిలా తెరవకూడదు. రెండు అట్టల కిందా చుట్టిన తువ్వాళ్లు పెట్టి, సగం పైన మాత్రమే తెరుచుకునేలా ఆనించండి. పుట కదలకుండా ఇసుక నింపిన సన్నని గుడ్డ గొట్టాలు చాలు, దర్జీ కుట్టిస్తాడు. పేపర్‌వెయిట్లు వద్దు.

ఆఖరిది, ఎవరో ఒకరు తప్పకుండా ఇచ్చే సలహా: ‘జిరాక్సు షాపులో లామినేషన్ చేయించండి, ఎవరు ముట్టుకున్నా ఫర్వాలేదు.’ వేడి, జిగురు కలిసి కాగితంలోకి దిగిపోతాయి, మళ్లీ విడదీయలేం. అంతగా కావాలంటే పాలియెస్టర్ తొడుగులో వదులుగా పెట్టి చూపించండి.

జవాబు: నకలు_చాలు

గంటం గారు చెప్పిన జాగ్రత్తలన్నీ సరైనవే. అన్ని జాగ్రత్తలు తీసుకోగలిగే సిబ్బంది ఉన్న లైబ్రరీ ఈ ప్రశ్న ఇక్కడ అడగదు అని నా అనుమానం. ఎనభై మంది ఉన్న హాల్లోకి అసలు ప్రతి తేవడం అనవసరం అంటాను. పదహారు అంగుళాల లోపు తాటాకు ఏ3 కాగితం మీద అసలు కొలతకే పడుతుంది. మెరుపులేని మందపాటి కాగితం మీద రంగుల ప్రింటు తీసి, ఆకు అంచు వెంట కత్తిరించి ఇస్తే పిల్లలు చేతిలో పట్టుకుని వేలు పెట్టి చదువుతారు. అద్దాల పెట్టెలో దూరంగా ఉన్న అసలు ప్రతి కంటే అదే ఎక్కువ గుర్తుంటుంది.

తెర మీద చూపించడంలో ఒక చిక్కు ఉంది, చాలామంది సభ రోజున గాని గమనించరు. పదహారు అంగుళాల పొడవు, అంగుళంన్నర వెడల్పు ఉన్న ఆకు మొత్తాన్ని ఒకే స్లయిడులో పెడితే తెర మధ్యలో ఒక పట్టీ మాత్రమే కనబడుతుంది. మూడో వరుస నుంచి అక్షరం తెలియదు. మొత్తం ఆకును ఒకసారి చూపించి, తర్వాత మూడు ముక్కలుగా వేయండి. ఒక ముక్క చివరి రెండు మూడు అక్షరాలు తర్వాతి ముక్కలో మళ్లీ రావాలి, లేకపోతే పదం ఎక్కడ తెగిందో తెలియక వినేవాళ్లు తప్పిపోతారు. ప్రతి ముక్క కిందా ఇప్పటి తెలుగు లిపిలో అదే పాఠం ఉండాలి. బండి ఱ, అరసున్న ఉన్నది ఉన్నట్టు ఉంచండి. వాటిని సరిదిద్దితే పైన కనబడేదీ కింద రాసిందీ కలవవు.

జవాబు: గంటం

నకలు ఇవ్వడం మంచిదే, ఇవ్వాలి కూడా. కానీ ఒక్క అసలు ప్రతైనా లేకపోతే జనం ఇంట్లో యూట్యూబులో చూసుకుంటారు, లైబ్రరీకి ఎందుకు వస్తారు? మధ్యేమార్గం ఉంది. ప్రసంగం హాల్లో, నకళ్లతో. అయ్యాక పదిమంది చొప్పున గ్రంథాల గదిలోకి. వస్తువు ఏసీ గది దాటదు కాబట్టి నీటిపొర గొడవే లేదు. బల్లకి రెండు వైపులా ఇద్దరు సిబ్బంది, ఒకరు చెప్పడానికి, ఒకరు చేతులు చూడడానికి. ఫ్లాష్ లేకుండా ఫోటో తీసుకోనివ్వండి. పది మందికి ఐదు నిమిషాలు పట్టినా అరవై మందిని అరగంటలో చూపించవచ్చు.

జవాబు: మైకుసెట్టు

రికార్డింగు గురించి. వీడియో ఎలా ఉన్నా జనం సర్దుకుంటారు, మాట వినబడకపోతే మూసేస్తారు. ఉన్న డబ్బు ఆడియో మీద పెట్టండి.

చొక్కాకి పెట్టే చిన్న మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. కండువా, శాలువా దాని మీద పడితే రికార్డంతా బరబర. వక్తకి శాలువా కప్పుతారుగా, ఆ కార్యక్రమం అయ్యాకే మైకు పెట్టండి. వక్త నెత్తిమీది ఫ్యాను ఆపేసి, పక్క ఫ్యాన్లు తిరగనివ్వండి. హాలు స్పీకర్ల శబ్దాన్ని ఫోన్లో పట్టడం కాదు, విడిగా బ్యాటరీ రికార్డరు పెట్టండి. కరెంటు పోయినా అది ఆగదు. గొంతు పెంచినప్పుడు కూడా రికార్డరు మీద శబ్దస్థాయి చూపే సూచి మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఉండేలా ముందే చూసుకోవాలి. తక్కువగా వచ్చిన శబ్దాన్ని తర్వాత పెంచుకోవచ్చు, చిరిగిన శబ్దాన్ని బాగుచేయలేం.

భద్రపరిచే ప్రతి వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. రెండు చానెళ్లయితే గంటకి సుమారు 1 జీబీ, ఒక్క చానెలయితే అందులో సగం. మాట ఒక్కటే కాబట్టి ఒక్క చానెల్ చాలు. జనానికి ఇచ్చేది ఎంపీ3. రెండు హార్డ్‌డిస్కులు, అందులో ఒకటి ఇంకో భవనంలో. ఫైలు పేరులో తేదీ, యాక్సెషన్ నంబరు రెండూ పెట్టండి. ‘ఫైనల్ ప్రోగ్రాం 2 కొత్తది’ అని ఉన్న ఫైలు మూడేళ్ల తర్వాత ఎవరికీ దొరకదు.

అందరూ మర్చిపోయేది సభలోంచి వచ్చే ప్రశ్న. వక్త జవాబు స్పష్టంగా ఉంటుంది, ప్రశ్న ఉండదు. రెండో మైకు తిప్పేవాళ్లు లేకపోతే, నిర్వహించేవారు ప్రతి ప్రశ్ననూ మైకులో మళ్లీ చెప్పాలి. నిజానికి ఆ ప్రశ్నల్లోనే ఊరి సమాచారం ఉంటుంది: ‘ఆ చెరువుకి మా ఊళ్లో ఇంకో పేరుంది’ లాంటివి. గంట ప్రసంగాన్ని విని మాట మాటా రాయడానికి ఐదారు గంటలు పడుతుంది, అంత తీరిక లేకపోతే పది నిమిషాలకొకసారి ఏ విషయం వచ్చిందో నాలుగు ముక్కలు రాసి కేటలాగులో ఆ పుస్తకం ఎంట్రీకి జోడించండి.

అనుమతి పత్రం తెలుగులో ఒక పేజీ, ప్రసంగానికి ముందే సంతకం. బహిరంగంగా చేసిన ప్రసంగం మీద కాపీరైటు మామూలుగా చేసినవారిదే, కార్యక్రమం పెట్టిన సంస్థది కాదు. లైబ్రరీలో భద్రపరచడానికి ఒక అనుమతి, ఇంటర్నెట్టులో పెట్టడానికి ఇంకొకటి, రెండూ విడివిడి గళ్లుగా ఉంచండి. మొదటిదానికి సరే అని రెండోదానికి ఒప్పుకోని వక్తలు ఉంటారు.

తెర మీద వేసే పుస్తకాలకీ ఇదే తలనొప్పి. రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కులు ఉంటాయి, లెక్క తర్వాతి జనవరి 1 నుంచి. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు 1950లో పోయారు కాబట్టి ఆయన బతికుండగా అచ్చయిన రచనలు 2011 నుంచి అందరివీ. పాత ఫోటోలకి ఎవరు తీశారు, ఎప్పుడు అచ్చయింది అన్నది చూడాలి. తెలియకపోతే గదిలో చూపించండి, యూట్యూబులో ఆ భాగం తీసేయండి.

జవాబు: బైరాగిపట్టెడ_రీడర్

అన్నా, అందరూ పెద్ద పెద్ద సంగతులు చెప్పినారు, నేను రోజు సంగతి చెప్తా. శనివారం సాయంత్రం పెట్టొద్దు, ఊరంతా యాత్రికులు, ఆటో దొరకదు. ఆదివారం పదిన్నరకి పెట్టు, పన్నెండున్నరకి అయిపోవాల. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశి వారంలో, మే నెల గంగమ్మ జాతరలో ఎవరినీ పిలవొద్దు. మార్చిలో పిల్లలకి పరీక్షలు. మిగిలిన నెలలు చాలు, ఏడాదికి పన్నెండు కావాలని ఏమన్నా వ్రతమా?

నవంబర్ 14 నుంచి 20 గ్రంథాలయ వారోత్సవాలు, 19 నుంచి 25 ప్రపంచ వారసత్వ వారం. ఈ రోజుల్లో పడే ఆదివారం పట్టుకో. పోస్టరు మీద వక్త ఫోటో కాకుండా ఆ తాటాకు ఫోటో వేయించు. పేపర్లో ‘నగరంలో నేడు’ శీర్షికకి రెండు రోజుల ముందే పంపాల. కాలేజీ పిల్లల్ని హాజరు కోసం బస్సులో తోలకు, ఫోన్లు చూసుకుంటా కూర్చుంటారు.

కపిలతీర్థం_రోడ్డు

అందరికీ ధన్యవాదాలు. మొదటి ప్రసంగం ఫసలీ 1320 మీదే పెట్టాలని మాట్లాడుకుంటున్నాం. బీరువాలో 1318 నుంచి వరుసగా ఉన్నాయి. మరో రెండు సందేహాలు. భూముల లెక్కలు బయటపెడితే ‘మా తాత పేరు ఉందా, జిరాక్సు ఇవ్వండి’ అని వస్తారు కదా, ఏం చేయాలి? ఇంకొకటి, సభకి వస్తూ ఇంట్లో అటక మీది తాళపత్రాలు పట్టుకొచ్చే వాళ్లు ఉంటారు. అక్కడికక్కడే తీసుకోవచ్చా?

జవాబు: పాత_రికార్డులు_చిత్తూరు

మొదటిది తప్పకుండా జరుగుతుంది, అందులోనూ ఇనాం భూముల మాట వస్తే ఖాయం. మీ దగ్గరున్నది లైబ్రరీ సేకరణ, రెవెన్యూ రికార్డు కాదు. మీరిచ్చే జిరాక్సు మీద లైబ్రరీ ముద్ర వేయవద్దు, ‘చదువుకోవడానికి మాత్రమే, ధ్రువీకరించిన నకలు కాదు’ అని రబ్బరు స్టాంపు చేయించి ప్రతి పుట మీదా కొట్టండి. కోర్టుకి పనికొచ్చే నకలు తహసీల్దారు ఆఫీసు నుంచో ఆర్కైవ్స్ నుంచో రావాలి. 1911కి ముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకి ముఖ్యపట్టణం కాబట్టి, అప్పటి రికార్డుల కోసం చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్ దాకా వెళ్లాల్సి రావచ్చు. 1858లో మొదలైన ఇనాం కమిషన్ పరిష్కారాల తాలూకు ఇనాం ఫెయిర్ రిజిస్టర్ నకలు అడుగుతున్నారా, ఊరి అడంగలు అడుగుతున్నారా అన్నది ముందు తేల్చుకోమనండి. చాలామందికి ఆ తేడా తెలియక రెండు ఆఫీసుల మధ్య తిరుగుతారు.

ప్రసంగానికి ఎంచుకునే పుటలో ఇప్పుడు తగాదాలో ఉన్న సర్వే నంబరు లేకుండా చూసుకోండి. ఆ ఊరి వీఆర్వోని ఒక మాట అడిగితే చెప్తాడు. పాత లెక్కల్లో కులం పేర్లు ఇప్పుడు ఎవరూ వాడని, వాడకూడని మాటల్లో ఉంటాయి. తెర మీద ఆ గడి కనబడేలా వేసేముందు వక్తతో మాట్లాడుకోవాలి. దాచేస్తే చరిత్ర తప్పుతుంది, వివరణ లేకుండా వేస్తే సభలో ఒకరి మనసు నొస్తుంది. ఆ మాట అప్పట్లో ఎందుకు రాశారో రెండు వాక్యాల్లో చెప్పి ముందుకెళ్లడం నాకు సరైన పద్ధతి అనిపిస్తుంది.

ఇక అటక మీది కట్టలు. సభ రోజున ఏదీ తీసుకోవద్దు. గ్రంథాల గదిలోకి అసలే పోనివ్వద్దు. పురుగు పట్టిన ఒక్క కట్ట పక్క బీరువాని కూడా ముంచుతుంది. గుమ్మం దగ్గర వేరే బల్ల వేసి, ఒక రిజిస్టరు పెట్టి, పేరు, ఊరు, కట్ట కొలత, ఆకుల సంఖ్య సుమారుగా, ఒక ఫోటో. అంతే. ‘దీని ధర ఎంత ఉంటుంది’ అని అడుగుతారు, ఎవరూ నోరు విప్పకూడదు. 75 ఏళ్లు దాటిన, చరిత్ర లేదా సాహిత్య విలువ ఉన్న రాతప్రతి 1972 పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువే, సొంతదారు దాన్ని విదేశాలకు పంపడం కుదరదు. ఆ మాట మాత్రం చెప్పండి.

తర్వాత వాళ్ల ఇంటికి వెళ్లి చూసి, ఇవ్వదలిస్తే దానపత్రం రాయించుకోండి. దానమా, కొన్నాళ్లు భద్రపరచడమా అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. అన్నదమ్ములు ఉంటే అందరి సంతకాలూ కావాలి. లేకపోతే రెండేళ్లకి తమ్ముడు వచ్చి మా వాటా అంటాడు. వచ్చిన కట్టను ప్లాస్టిక్ సంచిలో మూసి, వేరే గదిలో రెండు మూడు వారాలు ఉంచండి. సంచి అడుగున కొత్తగా పొడి రాలుతోందేమో వారానికోసారి చూడండి. రాలుతుంటే లోపల పురుగు బతికే ఉంది.

కపిలతీర్థం_రోడ్డు

ఇది మా కమిటీలో ఎవరికీ తట్టలేదు. స్టాంపు రేపే చేయిస్తాం. చివరిగా ఒక చిన్న విషయం: ట్రస్టు పెద్దలు జ్యోతి ప్రజ్వలన, దండలు, ముఖ్య అతిథి తప్పదంటున్నారు. కాదనలేం.

జవాబు: గంటం

కాదనక్కరలేదు మేడమ్/సార్. దీపస్తంభం హాలు గుమ్మం బయట వరండాలో పెట్టించండి, వస్తూ వెలిగించి లోపలికి వస్తారు. నూనె దీపం మసి, అగరుబత్తి పొగ రెండూ గ్రంథాల గది దరిదాపులకి రాకూడదు. పూలదండల్లో చీమలు, పురుగులు వస్తాయి కాబట్టి దండకి బదులు శాలువా, అదీ మైకు పెట్టకముందే. నీళ్ల సీసాలు, టిఫిన్లు వరండాలోనే. ముఖ్య అతిథికి ఐదు నిమిషాలు అని ఆహ్వానపత్రంలోనే అచ్చు వేయించండి, నోటితో చెబితే ఆగరు. గ్రంథాల గదిలోకి మొదటి పదిమందిలో ఆయన్నే తీసుకెళ్లండి, ఫోటో వాళ్లు కూడా ఆయన వెంటే వచ్చి వెళ్లిపోతారు. మిగతావాళ్లు ప్రశాంతంగా చూసుకోవచ్చు.